ఒకే ఇంట్లో ఉండి పలకరించుకోని కంప్యూటర్లు

మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఇప్పుడు మనుషుల కంటె కంప్యూటర్లు ఎక్కువ. ఒకసారి లెక్కపెట్టి చూడండి. ఇంటాయనకి ఆఫీసు వాళ్ళిచ్చిన లేప్‌టాప్ ఒకటి, సొంతానికి ఒకటి. ఇంటావిడకి ఒకటి. కాలేజీ నుంచి సెలవలకి వచ్చిన అమ్మాయి చేతిలో మేక్. బడి వాళ్ళిచ్చిన క్రోమ్‌బుక్ మీద హోంవర్కు చేసుకునే అబ్బాయి. బేస్‌మెంటులో, పారెయ్యడానికి మనసొప్పక అట్టేపెట్టిన పాత డెస్క్‌టాప్. ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన అమ్మమ్మగారి ఒళ్ళో టేబ్లెట్. ఇవి కాక తలకొక ఫోను. ఇన్ని ఉన్నా, ఒకదానిలో ఉన్న ఫొటో పక్కగదిలో ఉన్న ఇంకొకదానిలోకి వెళ్ళాలంటే మాత్రం ఇల్లంతా హడావిడే.

అప్పుడు మనం చేసే పనేమిటి? మన ఫొటోని మనకే ఈమెయిలు చేసుకుంటాం. అది ఎక్కడో ఇంకో రాష్ట్రంలో ఉన్న కంప్యూటర్ల దాకా ప్రయాణం చేసి, పది అడుగుల దూరంలో ఉన్న పక్కగదికి తిరిగొస్తుంది. పెరట్లో కరివేపాకు చెట్టు ఉంచుకుని, ఇండియన్ స్టోరుకి కారేసుకుని వెళ్ళి కట్ట కొనుక్కొచ్చినట్టు! పోనీ, చిన్న ఫొటో అయితే ఫరవాలేదు. జీమెయిలు 25 మెగాబైట్లకి మించి జతపరచనివ్వదు. వాట్సాప్ అయితే, మనం ప్రత్యేకంగా వద్దని చెప్పకపోతే, ఫొటోని కుదించి పంపుతుంది. తెర మీద చూస్తే తేడా తెలియదు గాని, పెద్దగా అచ్చువేయించి గోడకి పెడదామంటే అప్పుడు తెలుస్తుంది.

ఇది ఇంత ఆలోచించవలసిన విషయమా అని కొందరికి అనిపించవచ్చు. ఆ కంప్యూటర్లలో ఉన్నవి ఏమిటో చూస్తే అలా అనిపించదు. ఇరవై ముప్ఫై ఏళ్ళ క్రితం ఈ దేశం వచ్చిన కుటుంబాలు అన్నప్రాశనలూ, అక్షరాభ్యాసాలూ, ఇండియా ప్రయాణాలూ వీడియో టేపుల మీద తీసుకున్నాయి. ఇప్పుడు ఓపిక చేసుకుని వాటిని కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాయి. తాతగారు పాడిన పద్యాలు, నాయనమ్మ చెప్పిన వంశవృక్షం, పొలం కాగితాల నకళ్ళు – ఇవన్నీ సాధారణంగా ఒకే కంప్యూటరులో, ఒకే ఫోల్డరులో, ఇంట్లో ఒకే మనిషికి తెలిసిన పాస్‌వర్డు వెనకాల ఉంటాయి. తక్కినవాళ్ళకి అవి ఉన్నాయని తెలుసు. చూసే దారి తెలియదు. ఇంట్లో కంప్యూటర్ల మధ్య ఫైళ్ళు పంచుకోవడం నేర్చుకోవలసింది అందుకు.

సంగతి నిజానికి సులభమే. ఒక కంప్యూటరులో ఉన్న ఫైలు ఇంకొక కంప్యూటరు అందుకోవాలంటే నాలుగు విషయాలు కుదరాలి. రెండూ ఒకే వీధిలో ఉండాలి. ఒకదాని ఇంటి నంబరు రెండోదానికి తెలియాలి. రెంటికీ వచ్చిన భాష ఒకటి ఉండాలి. చివరికి తలుపు తీసే తాళంచెవి ఉండాలి. పని జరగలేదంటే ఈ నాలుగింటిలో ఏదో ఒకటి కుదరలేదన్న మాట. ఇదే వరసలో చూసుకుంటూ వెళ్తే, పిల్లలు ఇంటికి వచ్చేదాకా ఆగనక్కరలేదు.

వీధి

మన ఇంటి వీధికి పెద్ద రౌటరు. ఇంటర్నెట్టు కంపెనీ వాడు పెట్టి వెళ్ళిన డబ్బా గాని, మనం కొనుక్కున్నది గాని, ఇంట్లో ప్రతి కంప్యూటరుకీ ఒక నంబరు ఇచ్చేది అదే. ఆ నంబరు చాలా ఇళ్ళల్లో 192.168 తో మొదలవుతుంది. ఇది యాదృచ్ఛికం కాదు. 1996 ఫిబ్రవరిలో ఇంటర్నెట్టు ప్రమాణాలు రాసేవాళ్ళు కొన్ని నంబర్లను సొంత ఇళ్ళకీ, ఆఫీసులకీ విడిగా కేటాయించారు. అవి ఇంటి గడప దాటి బయటకి పోవు. మీ ఇంట్లో ఉన్న 192.168.1.20 అనే నంబరే మా ఇంట్లోనూ ఉండవచ్చు. ప్రతి ఊళ్ళోనూ ఒక రామాలయం వీధి ఉన్నట్టే; ఏ ఊరి ఉత్తరం ఆ ఊళ్ళోనే తిరుగుతుంది కనక పేచీ రాదు.

అయితే ఒకే ఇంట్లో తెలియకుండా రెండు వీధులు ఏర్పడే సందర్భాలు ఉన్నాయి. మొదటిది అతిథుల వై-ఫై. ఇంటికి వచ్చినవాళ్ళ కోసం రౌటరులో విడిగా పెట్టే ఈ నెట్‌వర్కు, ఇంటర్నెట్టు చూపిస్తుంది గాని ఇంట్లో ఉన్న తక్కిన కంప్యూటర్లని చూడనివ్వదు. అది దాని ధర్మం. అమ్మమ్మగారి టేబ్లెట్‌ని మొదటి రోజు హడావిడిలో అతిథుల వై-ఫైకి తగిలించి ఉంటే, ఆవిడ ఆరు నెలలూ అరుగు మీదే ఉండిపోతారు. రెండవది, కంపెనీ వాడి డబ్బాకి తోడు మన సొంత రౌటరు కూడా ఉండడం. సగం కంప్యూటర్లు ఒకదానికి, సగం రెండోదానికి తగిలించి ఉంటే, మధ్యన గోడ కట్టినట్టే. మూడవది ఆఫీసు లేప్‌టాప్. వి.పి.ఎన్. తగిలించగానే దాని రాకపోకలన్నీ ఆఫీసు సొరంగంలోంచి వెళ్తాయి. పక్కనే ఉన్న ఇంటి ప్రింటరు కూడా దానికి కనబడకపోవచ్చు. అసలు ఇంటి ఫైళ్ళని ఆఫీసు కంప్యూటరులో పెట్టకపోవడమే మంచిది. ఉద్యోగం మారిన రోజున అది తిరిగి ఇచ్చెయ్యాలి.

విండోస్‌లో ఇంకో మెలిక ఉంది. కొత్త నెట్‌వర్కుకి తగిలించినప్పుడు అది సొంతమా, పదిమందీ వాడేదా అన్న విభాగం ఒకటి ఉంటుంది. విమానాశ్రయంలో పదిమందిదే అని ఉండాలి. ఇంట్లో కూడా అదే ఉంటే, పక్కగదిలో ఉన్న మన మేక్‌ని కూడా విండోస్ పరాయిదానిలాగే చూసి తలుపు తియ్యదు. సెట్టింగులలో నెట్‌వర్కు పేరు మీద నొక్కి, ప్రైవేటు అని మార్చాలి.

ఇంటి నంబరు

రౌటరు ఇచ్చే నంబరు శాశ్వతం కాదు. అద్దెకి ఇచ్చినట్టు కొంత కాలానికి ఇస్తుంది. కంప్యూటరు కొన్నాళ్ళు ఆపి ఉంచితే మళ్ళీ వచ్చేసరికి ఇంకొక నంబరు రావచ్చు. నిన్న పనిచేసినది ఇవాళ ఎందుకు పనిచెయ్యదు అనే ప్రశ్నకి చాలాసార్లు ఇదే జవాబు. దీనికి మందు రౌటరులోనే ఉంది. ఫైళ్ళు దాచిన కంప్యూటరుకి ఎప్పుడూ ఒకే నంబరు ఇమ్మని రౌటరుకి చెప్పి పెట్టవచ్చు. ఐదు నిమిషాల పని.

నంబరు గుర్తుపెట్టుకోవడం ఎందుకు, పేరు పెట్టి పిలుద్దాం అంటే అదీ కుదురుతుంది. మేక్‌లు, చాలా ప్రింటర్లు, ఈనాటి విండోస్ కంప్యూటర్లు తమ పేరు చివర లోకల్ అనే తోక తగిలించి పిలిస్తే పలుకుతాయి. కంప్యూటరు కొన్నప్పుడు కంపెనీ వాడు పెట్టిన అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగాటి పేరు తీసేసి, హాలు, మేడగది, బేస్‌మెంటు అని చిన్న పేర్లు ఇంగ్లీషు అక్షరాలలో పెట్టుకుంటే ఇంట్లో అందరికీ నోరు తిరుగుతుంది.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. విండోస్‌లో నెట్‌వర్కు అన్న బొమ్మ నొక్కితే ఇంట్లో ఉన్న కంప్యూటర్ల జాబితా కనబడుతుంది. మనకి కావలసిన కంప్యూటరు ఆ జాబితాలో లేకపోతే, అది అందుబాటులో లేదని చాలామంది ప్రయత్నం మానేస్తారు. ఆ జాబితా తయారయ్యే పద్ధతి మధ్యలో మారింది. పాత కంప్యూటర్లు ఒక పద్ధతిలో తమ ఉనికి చాటుకుంటాయి, కొత్తవి ఇంకో పద్ధతిలో వెతుకుతాయి. జాబితాలో పేరు లేకపోయినా తిన్నగా నంబరు కొట్టి వెళ్తే తలుపు తియ్యవచ్చు. ఫోన్ల పుస్తకంలో పేరు లేనంత మాత్రాన మనిషి ఊళ్ళో లేడని కాదు కదా.

భాష

ఒకే అపార్టుమెంటు కాంప్లెక్సులో తెలుగువాళ్ళు, గుజరాతీలు, తమిళులు ఉన్నప్పుడు అందరూ కలిసి మాట్లాడుకోవడానికి ఇంగ్లీషో హిందీయో పట్టుకుంటారు. విండోస్‌కీ, మేక్‌కీ, లినక్స్‌కీ కూడా ఎవరి భాష వాళ్ళకి ఉంది. డిస్కు మీద ఫైళ్ళు అమర్చుకునే తీరు ఎవరిది వాళ్ళదే. కాని నెట్‌వర్కు మీద అడిగేటప్పుడు ఒకరి డిస్కు తీరు ఇంకొకరికి తెలియనక్కరలేదు. ఫలానా ఫైలు ఇయ్యి అని అడగడానికీ, ఇదిగో అని ఇవ్వడానికీ ఒక ఉమ్మడి భాష ఉంటే చాలు. ఆ భాష పేరు ఎస్.ఎం.బి.

ఇది 1980ల మొదట్లో ఐ.బి.ఎం.లో పుట్టింది. మైక్రోసాఫ్ట్ దాన్ని తీసుకుని పెంచింది. ఏపిల్ వాళ్ళకి వాళ్ళ సొంత భాష ఉండేది. సన్ కంపెనీ వాళ్ళు యూనిక్స్ యంత్రాల కోసం 1984లో వేరొకటి చేసుకున్నారు. మరి విండోస్ భాష తక్కినవాళ్ళకి ఎలా వచ్చింది? ఆ కథ పరాయి దేశానికి వచ్చి భాష నేర్చుకున్న మనకి దగ్గరగా ఉంటుంది.

1991-92 ప్రాంతంలో ఆస్ట్రేలియాలోని కేన్‌బెరాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే విద్యార్థి, తన పి.సి. నుంచి విశ్వవిద్యాలయంలో ఉన్న యూనిక్స్ యంత్రంలోని ఫైళ్ళు అందుకోవాలనుకున్నాడు. ఆ భాష వ్యాకరణం రాసిన పుస్తకం అతని దగ్గర లేదు. అందుకని తీగ మీద రెండు కంప్యూటర్లు ఏం మాట్లాడుకుంటున్నాయో వింటూ కూర్చున్నాడు. ఈ మాట అంటే ఆ జవాబు వస్తోంది, ఇలా అంటే కోపం వస్తోంది అని గమనించి, ఒక్కొక్క మాటే కూడబలుక్కుని, అదే భాష మాట్లాడే ప్రోగ్రాము రాశాడు. ఫ్రెంచి రాని మనిషి ఫ్రాన్సులో ఒక హోటల్లో కూర్చుని, తినడానికి వచ్చినవాళ్ళు ఏం అడిగితే వెయిటరు ఏం తెస్తున్నాడో చూసి భాష నేర్చుకోవడంతో అతను తరువాత దీన్ని పోల్చాడు. ఆ ప్రోగ్రాముకి మొదట పెట్టిన పేరు మీద ఇంకో కంపెనీకి హక్కు ఉందని తెలిసి, ఎస్, ఎం, బి అక్షరాలు అదే వరసలో వచ్చే మాట కోసం కంప్యూటరులో ఉన్న నిఘంటువు వెతికించాడు. సాంబా అనే మాట దొరికింది. ఈనాటికీ ఆ ప్రోగ్రామును ఉచితంగా తెచ్చుకోవచ్చు. ఇళ్ళల్లో ఫైళ్ళు దాచుకోవడానికి అమ్మే నేస్ డబ్బాలలో చాలావాటి లోపల నడుస్తున్నది అదే. ఏపిల్ కూడా 2013లో వచ్చిన మేవరిక్స్ నుంచి తన సొంత భాషని పక్కకి పెట్టి, ఫైళ్ళు పంచుకోవడానికి ఎస్.ఎం.బి.నే ముందు వాడడం మొదలు పెట్టింది.

కాబట్టి ఈరోజు భాష గొడవ దాదాపు తీరినట్టే. మిగిలిన ఇబ్బంది మాండలికాలది. ఎస్.ఎం.బి. మొదటి రూపం బాగా పాతది, భద్రత లేనిది. 2017 మేలో వానాక్రై అనే దొంగ ప్రోగ్రాము ఆ పాత రూపంలో ఉన్న లోపాన్ని పట్టుకుని 150 దేశాలలో రెండు లక్షలకి పైగా కంప్యూటర్లలో దూరింది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లకి కూడా ఆ సెగ తగిలినట్టు అప్పుడు వార్తలొచ్చాయి. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 నుంచి, కొత్తగా ఎక్కించిన కంప్యూటర్లలో ఆ పాత రూపాన్ని మైక్రోసాఫ్ట్ పెట్టడం మానేసింది. 2009లో విండోస్ 7తో వచ్చిన హోంగ్రూప్ అనే సులువు దారిని కూడా 2018లో తీసేసింది. 2024లో వచ్చిన విండోస్ 11 కూర్పు ఇంకా గట్టిది. అందులోని ప్రో రకం, పాస్‌వర్డు అడగకుండా అతిథిగా రానిచ్చే డబ్బాలతో మాట్లాడదు. వచ్చిన ప్రతి ఉత్తరం మీదా సంతకం ఉండాలంటుంది.

కొత్త లేప్‌టాప్ కొన్నాక పదేళ్ళ నాటి నేస్ డబ్బా హఠాత్తుగా తెరుచుకోకపోవడానికి కారణం ఇది. పాత రూపాన్ని మళ్ళీ కొత్త కంప్యూటరులో తెరిచిపెట్టమని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. దొంగలు వచ్చిన దారి అదే కనక ఆ పని చెయ్యకండి. ముందు పాత డబ్బా సాఫ్ట్‌వేరు కొత్తది ఎక్కించి చూడండి. కుదరకపోతే అందులో ఉన్నవన్నీ తీసుకుని దానికి విశ్రాంతి ఇవ్వండి.

తాళంచెవి

ఒకటి, రెండు, మూడు సరిగ్గా ఉంటే తెర మీద పేరూ, పాస్‌వర్డూ అడుగుతుంది. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. ఏ పాస్‌వర్డు? మీరు కూర్చున్న కంప్యూటరుది కాదు, ఫైళ్ళు ఉన్న కంప్యూటరుది. ఇంకో విషయం. విండోస్ తెరవడానికి రోజూ కొట్టే నాలుగంకెల పిన్ను ఆ ఒక్క కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడే చెల్లుతుంది; నెట్‌వర్కు మీద చెల్లదు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో తెరిచే కంప్యూటరు అయితే ఆ ఖాతా అసలు పాస్‌వర్డు కావాలి. రోజూ పిన్నుతో తెరిచే అలవాటు పడి, అసలు పాస్‌వర్డు మరిచిపోయిన ఇళ్ళు చాలా ఉంటాయి.

దీనికి శుభ్రమైన పద్ధతి ఒకటుంది. ఫైళ్ళు ఉన్న కంప్యూటరులో ఇల్లు అనే పేరుతో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో సంబంధం లేని వేరే వాడుకరిని ఒకరిని సృష్టించండి. దానికి ఒక పాస్‌వర్డు పెట్టండి. ఇంట్లో వాళ్ళందరూ ఫోల్డరు తెరవడానికి ఆ పేరే వాడాలి. మీ సొంత ఈమెయిలు పాస్‌వర్డు ఎవరికీ చెప్పనక్కరలేదు.

తాళం తీశాక కూడా గదిలో ఏం చెయ్యనిస్తారు అన్నది ఇంకో ప్రశ్న. విండోస్‌లో ఇది రెండు అంచెల్లో ఉంటుంది: నెట్‌వర్కు మీద ఇచ్చిన అనుమతి ఒకటి, డిస్కు మీద ఆ ఫోల్డరుకి ఉన్న అనుమతి ఇంకొకటి. రెండింటిలో ఏది గట్టిగా ఉంటే అదే చెల్లుతుంది. ఒకరు రమ్మని, ఇంకొకరు వద్దంటే, వద్దన్న మాటే నెగ్గుతుంది. ఫోల్డరు కనబడి, లోపల మాత్రం అనుమతి లేదని అంటే ఈ రెండో అంచె చూడండి. పాత ఫొటోల ఫోల్డరుని అందరికీ చదవడానికి మాత్రమే ఇచ్చి, కొత్తవి పడెయ్యడానికి పక్కన ఇంకొక ఫోల్డరు ఉంచుకుంటే, చిన్నవాళ్ళ చేతిలో పెద్దవాళ్ళ ఫొటోలు పోవు.

పని చేసే పద్ధతి

విండోస్‌లో ఫోల్డరు మీద కుడి మీట నొక్కి, ప్రోపర్టీస్‌లో షేరింగ్ అన్న చోట, ఇల్లు అనే వాడుకరిని చేర్చాలి. మేక్‌లో అయితే సిస్టం సెట్టింగ్స్‌లో జనరల్, అందులో షేరింగ్, అందులో ఫైల్ షేరింగ్ తెరవాలి. విండోస్ వాళ్ళు కూడా రావాలంటే, అక్కడే ఆప్షన్స్ నొక్కి ఆ వాడుకరి పేరు పక్కన గుర్తు పెట్టి పాస్‌వర్డు ఇవ్వాలి. ఈ గుర్తు పెట్టడం మరిచిపోతే మేక్ నుంచి మేక్‌కి పనిచేస్తుంది, విండోస్‌ని మాత్రం గుమ్మంలోనే నిలబెడుతుంది.

అందుకోవడానికి: విండోస్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరరు పై గడిలో వెనక్కి వాలిన గీతలు రెండు, వాటి పక్కన నంబరు గాని పేరు గాని కొట్టాలి. మేక్‌లో ఫైండరులో గో మెనూ కింద కనెక్ట్ టు సర్వర్ ఉంటుంది. ఐఫోనులలో 2019 నుంచి ఫైల్స్ అనే ఏప్‌లోనే మూడు చుక్కల వెనకాల ఇదే సదుపాయం ఉంది. ఆండ్రాయిడ్ టేబ్లెట్ అయితే వి.ఎల్.సి. అనే ఉచిత ఏప్ ఇంటి నెట్‌వర్కులో ఉన్న వీడియోలను తెరిచి చూపిస్తుంది. అమ్మమ్మగారికి మనవడి అన్నప్రాశన చూపించడానికి అది చాలు. క్రోమ్‌బుక్‌లో కూడా ఈ వీలుంది గాని, బడి వాళ్ళది అయితే వాళ్ళు ఆపి ఉంచవచ్చు.

ఇక వేగం సంగతి. ఒక గంట మినీ డి.వి. టేపు కంప్యూటరులోకి ఎక్కిస్తే సుమారు 13 గిగాబైట్లు అవుతుంది. పది టేపులంటే 130. దీన్ని ఇంట్లో గిగాబిట్ తీగ మీద పంపితే ఇరవై నిమిషాలు. సెకనుకి 25 మెగాబైట్లు ఇచ్చే మామూలు వై-ఫై మీద గంటన్నర. పాతకాలపు వంద మెగాబిట్ల తీగ మీద మూడు గంటలు. ఇంటర్నెట్టు మీదుగా పంపుదామంటే, పైకి ఎక్కించే వేగం 20 మెగాబిట్లు ఉన్న ఇంట్లో ఎక్కించడానికే పధ్నాలుగు గంటలు. ఆ తరువాత అవతలివాళ్ళు దింపుకోవాలి. ఇంటర్నెట్టు కంపెనీలు చెప్పే వేగం బిట్లలో, ఫైళ్ళ పరిమాణం బైట్లలో ఉంటాయి. ఎనిమిది బిట్లు ఒక బైటు. ఎనిమిదితో భాగించుకుంటే నిజం బయటపడుతుంది. చేతిలో పెట్టుకు తిరిగే యు.ఎస్.బి. కర్రతో పని కానిద్దామంటే ఒక సంగతి: ఫేట్32 అనే పాత పద్ధతిలో అమర్చినది 4 గిగాబైట్లు, అంతకు మించిన ఫైలుని పట్టదు. ఎంత ఖాళీ ఉన్నా చోటు లేదంటుంది. ఎక్స్‌ఫేట్ పద్ధతిలో అమర్చుకుంటే విండోస్, మేక్ రెండూ చదువుతాయి, రాస్తాయి.

తెలుగు పేర్ల తంటా

మన ఫైళ్ళకి మన భాషలో పేర్లు పెట్టుకోవచ్చు. అయితే కంప్యూటరు మారినప్పుడు వచ్చే చిక్కులు కొన్ని మనకి ప్రత్యేకం. ఇరవై ఏళ్ళ క్రితం రకరకాల ఫాంట్లలో టైపు చేసిన కథలూ వ్యాసాలూ చాలామంది దగ్గర ఉన్నాయి. అవి యూనికోడ్‌లో ఉన్నవి కావు. ఇంగ్లీషు అక్షరాల గడుల్లో తెలుగు ముక్కలు అమర్చి పెట్టినవి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో చక్కని తెలుగు, నెట్‌వర్కు దాటి పక్క కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగీతలు. ఫైలు పాడవలేదు. ఫాంటు లేదు, అంతే. అలాంటివి ఉంటే, ఆ పాత కంప్యూటరు పనిచేస్తూ ఉండగానే ఆ ఫాంటు ఫైలుని కూడా వ్యాసం పక్కనే పెట్టుకోండి; ఒక పి.డి.ఎఫ్. కూడా తీసి ఉంచండి. తరువాత తీరికగా యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు.

యూనికోడ్‌లోనూ ఒక గమ్మత్తు ఉంది. మైసూరు అన్న మాటలో ఐత్వాన్ని ఒకే గుర్తుగా దాచవచ్చు, ఎత్వం గుర్తూ దాని కింద తగిలే ఐత్వపు తోకా అని రెండు ముక్కలుగానూ దాచవచ్చు. కంటికి తేడా లేదు. పాత మేక్ డిస్కులు ఫైలు పేర్లని ఎప్పుడూ ముక్కలుగా విడదీసి దాచేవి. విండోస్, లినక్స్ అలా విడదీయవు. అందువల్ల మేక్ నుంచి వచ్చిన మైసూరు ప్రయాణం ఫొటోల కోసం ఇంకో కంప్యూటరులో వెతికితే, కళ్ళ ముందున్న ఫోల్డరే లేదని అనవచ్చు. ఒకే ఫోల్డరు ఒకే పేరుతో రెండుసార్లు కనబడవచ్చు కూడా. అలాంటప్పుడు పేరు మళ్ళీ ఆ కంప్యూటరు మీదే టైపు చేస్తే సరిపోతుంది.

పేరు పొడుగు కూడా చూసుకోవాలి. లినక్స్ మీద నడిచే డబ్బాలలో పేరుకి ఉన్న హద్దు సాధారణంగా 255 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు పడతాయి. అంటే 85 గుర్తులతో సరి. పెళ్ళి శుభలేఖంత పేరు పెడితే చెల్లదు. ప్రశ్నార్థకం, నక్షత్రం, కొటేషను గుర్తు – ఇవి పేరులో ఉంటే మేక్ ఊరుకున్నా విండోస్ ఒప్పుకోదు. ముందు సంవత్సరం, నెల, తేదీ అంకెల్లో వేసి, తరువాత రెండు మూడు తెలుగు మాటలు రాస్తే, ఏ కంప్యూటరులో తెరిచినా ఫొటోలు కాలక్రమంలో బారులు తీరి కూర్చుంటాయి.

పంచుకోవడం వేరు, దాచుకోవడం వేరు

ఇదంతా కుదిరి, ఇంట్లో అందరూ ఒకే ఫోల్డరు చూస్తున్నారంటే సంతోషమే. కాని ఒక ప్రమాదం కూడా అప్పుడే మొదలవుతుంది. ఫైలు ఇప్పటికీ ఒక్కటే ఉంది. దాన్ని చెరపగలిగిన చేతులు ఎక్కువయ్యాయి. మన కంప్యూటరులో చెరిపినది చెత్తబుట్టలోకి వెళ్తుంది, మళ్ళీ తీసుకోవచ్చు. నెట్‌వర్కు మీద ఇంకొక కంప్యూటరులో ఉన్నదాన్ని విండోస్ నుంచి చెరిపితే మామూలుగా చెత్తబుట్టలో పడదు, పోయినట్టే. ఇంట్లో ఒక కంప్యూటరుకి దొంగ ప్రోగ్రాము పడితే, దానికి రాసే అనుమతి ఉన్న ఉమ్మడి ఫోల్డరులకి కూడా తాళం వేస్తుంది.

అందుకని ఫొటోలు తీసేవాళ్ళు పాటించే లెక్క ఒకటి ఉంది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి ఇంటి బయట. ఇంటి కంప్యూటరులో ఉన్నది ఒకటి. నెలకొకసారి తగిలించి, నకలు తీసుకుని, విప్పేసి అలమరలో పెట్టే డిస్కు రెండవది. ఎప్పుడూ తగిలించి ఉంచితే దానికీ అదే గతి పడుతుంది కనక విప్పెయ్యడం ముఖ్యం. మూడవది ఇంకో రాష్ట్రంలో ఉన్న అక్కగారింట్లోనో, ఊళ్ళో తమ్ముడింట్లోనో ఉంచుకోవచ్చు. దూరదూరంగా బతుకుతున్న మన కుటుంబాలకి ఇంటి బయట చోటు వెతుక్కోనక్కరలేదు. డబ్బు కట్టి క్లౌడ్‌లో పెట్టుకున్నా మంచిదే, అదొక్కటే కాకుండా ఉంటే. కట్టడం మానేస్తే అక్కడ ఉన్నది ఉండదు. రెండేళ్ళు ఎవరూ వాడని సొంత ఖాతాలను తీసెయ్యడం గూగుల్ 2023 డిసెంబరులో మొదలు పెట్టింది. పెద్దాయన పోయాక ఆయన ఖాతాలో ఉన్న ఫొటోల జోలికి రెండేళ్ళు ఎవరూ వెళ్ళకపోవడం వింతేమీ కాదు.

చివరి మాట కంప్యూటర్ల గురించి కాదు. ఈ ఏర్పాటంతా సాధారణంగా ఇంట్లో ఒకరే చేస్తారు, వారికే తెలుస్తుంది. వారు ఊరెళ్ళినా, ఆసుపత్రిలో ఉన్నా, తక్కినవాళ్ళకి ఆ ఇంట్లో ఉన్న ఫొటోలు పొరుగూళ్ళో ఉన్నట్టే. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టి, ఎవరి కంప్యూటరు మీద వాళ్ళ చేతే ఆ ఫోల్డరు తెరిపించండి. మీరు మౌస్ పట్టుకోకండి. తరువాత ఒక కాగితం మీద రౌటరు పాస్‌వర్డు, ఫైళ్ళున్న కంప్యూటరు పేరు, నంబరు, ఇల్లు అనే వాడుకరి పాస్‌వర్డు, విప్పి పెట్టిన డిస్కు ఏ అరలో ఉందో, రెండోది ఎవరింట్లో ఉందో, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాయండి. పిల్లలు చదవగలిగేది ఒకటి, అమ్మమ్మగారు చదవగలిగేది ఒకటి. తారీఖు వేసి, ఇంట్లోవాళ్ళ పాస్‌పోర్టులు ఉండే కవరులో పెట్టండి. పాస్‌వర్డు మార్చిన రోజున ఆ కాగితం కూడా మార్చండి.